పొద్దు గుంకేలోగా...

న్యూయార్క్‌లో ఉంటున్నామంటే రోజూ షికార్లే అనుకుంటారు మీరు. మావారు ఆఫీసుకీ, పిల్లలు చదువులకీ వెళ్ళాక ఇంట్లో కుక్కరు కూత తప్ప మరో చప్పుడుండదు. అందులోనూ ఆకులు రాలే కాలం వస్తే పగలు మరీ చిన్నదైపోతుంది. నవంబరు మొదటి ఆదివారం ఇక్కడ గడియారాలు గంట వెనక్కి తిప్పుతారు. ఇక సాయంత్రం అయిదింటికే లైట్లు వేసుకోవాలి.

అందుకే వెలుగుండగానే బయటపడాలని నియమం పెట్టుకున్నాను. మా క్వీన్స్‌లో ఏడో నెంబరు రైలు రోడ్డుకి పైన, వంతెన మీద పోతుంది. ఒకరోజు జాక్సన్ హైట్స్‌లో దిగి కరివేపాకు, బెండకాయలు తెచ్చుకుంటాను. మరోరోజు ఫ్లషింగ్‌లో, 1977లో ప్రతిష్ఠ జరిగిన వినాయకుడి గుడికి వెళ్తాను. కింద క్యాంటీన్‌లో దోసె తింటుంటే పక్కావిడ తెలుగులో పలకరించిందా, ప్రాణం లేచొస్తుంది! ఆదివారం అందరం సెంట్రల్ పార్కుకి వెళ్తాం. 843 ఎకరాలట. చెట్లు పసుపూ కుంకుమా చల్లినట్టుంటాయి. అక్టోబరు 31న హాలోవీన్‌కి వీళ్ళు గుమ్మడికాయలకి కళ్ళూ నోరూ చెక్కి గుమ్మంలో పెడతారు. నేను మాత్రం దప్పళం పెడతాను!

తెనాలిలో మా అమ్మ ఒక్కతే ఉంటుంది. అక్కడ ఉదయం ఆరున్నరకి, కాఫీ వేళకి, నా ఫోను రావాలి. గడియారం మారితే మన దేశంతో తేడా తొమ్మిదిన్నర గంటలు కాస్తా పదిన్నర అవుతుంది. అందుకని రాత్రి తొమ్మిదింటికి చేసేదాన్ని ఎనిమిదింటికే చేస్తాను. "ఇవాళ ఎటెళ్ళావే?" అన్నదే ఆవిడ మొదటి మాట. ఎటూ వెళ్ళకపోతే నా గొంతులోనే పసిగట్టేస్తుంది. ఇక ఆ రోజంతా ఆవిడకి దిగులే.

దూరాన ఉన్న ఆడపిల్లలూ! పొద్దు గుంకేలోగా ఒక్కసారి గడప దాటండి. అమ్మకి చెప్పడానికైనా ఓ కబురుండాలి కదా!