అత్తయ్యగారి మొక్కు

మా చంటాడికి మూడేళ్ళు నిండినా అమ్మా అనలేదు. పిలిస్తే తిరిగి చూడడు. తిరిగే ఫాను కింద కూర్చోబెడితే మాత్రం లోకంతో పనిలేదు. "మగపిల్లలకి మాటలు ఆలస్యమేలేమ్మా, వాళ్ళ నాన్నకీ అంతే" అన్నారు మా అత్తయ్యగారు. నాకూ ఆ మాటే వినాలని ఉండేది కాబట్టి నమ్మేశాను.

నాలుగో ఏట డాక్టరుగారు ఆటిజం అన్నారు. ఆ రాత్రి మేమిద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు. మర్నాటి నుంచి చుట్టాల సలహాలు! వసకొమ్ము అరగదీసి నాలిక్కి రాయమని ఒకరు, తాయెత్తు కట్టించమని ఇంకొకరు. "నువ్వు ఉద్యోగం మానకపోబట్టే" అంది మా ఆడబిడ్డ. ఆ మాటకి నాలుగు రోజులు నిద్రపట్టలేదు.

తరవాత తెలిసింది, ఈ మాట మా ఇంట్లోనే పుట్టలేదని. 1943లో అమెరికాలో లియో కానర్ అనే డాక్టరు పదకొండు మంది పిల్లల గురించి రాసి ఈ సంగతి లోకానికి చెప్పాడు. ఆ తరవాత చాలా ఏళ్ళు, తల్లికి ప్రేమ లేకే బిడ్డ ఇలా అయ్యాడని పెద్ద చదువులవాళ్ళే అన్నారుట! 1964లో బెర్నార్డ్ రిమ్లాండ్ అనే ఆయన, తప్పు తల్లిది కాదని ఏకంగా పుస్తకమే రాశాడు. ఆయన కొడుకుకీ ఆటిజమే. కన్నవాడు కనక కడుపు మండింది మరి.

ఇదంతా అత్తయ్యగారికి చదివి వినిపించాను. ఆవిడ ఏమీ అనలేదు. సాయంత్రం కూతురికి ఫోను చేసి, "ఇంకోసారి దాన్నేమైనా అన్నావంటే ఊరుకోను" అని పెట్టేశారు.

అక్కణ్ణుంచి చూడాలి ఆవిణ్ణి! కుక్కరు కూతకి వాడు చెవులు మూసుకుని గోడకి తల కొట్టుకుంటున్నాడని కుక్కరు అటకెక్కించి, గిన్నెలో అన్నం వార్చడం మొదలెట్టారు. బొమ్మ చూపించి కావలసింది అడగడం నేర్పాలని థెరపీలో చెబితే, పాత పుస్తకాలు కత్తిరించి గ్లాసు, ఇడ్లీ, ఉయ్యాల అట్టముక్కల మీద అంటించారు.

ఆరో ఏట ఒకనాడు గ్లాసు బొమ్మ నా చేతిలో పెట్టి వాడు "నీ" అన్నాడు. నీళ్ళేనండీ! అత్తయ్యగారు దేవుడి గదిలోకి పరిగెత్తారు. మాటొస్తే తిరుపతిలో వాడి తలనీలాలు ఇప్పిస్తానని మొక్కారుట.

నా గుండె జారింది. క్షవరమంటే వాడికి యమగండం, ఇంట్లోనే ఇద్దరం పట్టుకోవాలి. ఇక కొండ మీద ఆ జనంలోనా? మొక్కు తీర్చకపోతే ఎలాగన్న భయమూ లేకపోలేదు నాకు.

"మొక్కిన నోరు నాది. జుట్టూ నాదే ఇస్తా" అన్నారావిడ. మూడు కత్తెర్లు చాలవుటే అని మామయ్యగారు కల్యాణకట్ట దాకా బతిమాలారుట. వింటేగా!

తిరిగొచ్చిన రోజు గుమ్మంలో ఆవిణ్ణి చూసి చంటాడు ఆగిపోయాడు. కొత్తదేం కనిపించినా బెదిరే పిల్లాడు, ఎంత గోల చేస్తాడోనని నేను పరిగెత్తుకొచ్చాను. వాడు మెల్లిగా దగ్గరికెళ్ళి చెయ్యి పైకి చాపాడు. అందలేదు. గడప మీద ఎవరు కూర్చున్నా కసిరే మనిషి, లడ్డూల సంచీతో అలాగే గడప మీద కూలబడి తల వంచారు. వాడు రెండు చేతులతో ఆ నున్నటి గుండు నిమురుతూనే ఉన్నాడు. ఆటోవాడు డబ్బులడుగుతున్నా ఆవిడ కదల్లేదు.