సన్నమ్మతో మా బదిలీలు

నాన్నకు బదిలీ ఆర్డరు వచ్చిందంటే మా ఇంట్లో ముందుగా పసిగట్టేది సన్నమ్మ. అటక మీది ట్రంకు పెట్టెలు కిందికి దిగే చప్పుడు వినగానే వెళ్లి తన బొంత మీద పడుకుంటుంది. ఇక ఎవరు పిలిచినా లేవదు. తనను వదిలేసి వెళ్లిపోతామేమోనని దాని భయం అంటుంది అమ్మ. ఆ భయం మాకూ తెలుసు. ప్రతి బదిలీకీ ఒక వీధినో, ఒక స్నేహితుడినో వదిలేసే కదా వస్తాం.

సన్నమ్మ మా కుక్క. ముధోళ్ జాతి జాగిలం. నాన్న హుబ్బళ్లిలో పని చేసేటప్పుడు, మేమిద్దరం మూడులో ఒకరం, ఐదులో ఒకరం ఉండగా, రెండు నెలల పిల్లను తెచ్చారు. మా చుట్టాలు ఎవరికి చెప్పినా, "ముధోలా? బాసర పక్కన ఉండేదేనా?" అని అడుగుతారు. అది తెలంగాణలోని ముధోల్. మా సన్నమ్మ ఊరు కర్ణాటకలో, బాగల్‌కోట్ జిల్లాలో ఉంది. పూర్వం అక్కడ ఘోర్పడే వంశం వాళ్లు సంస్థానాన్ని ఏలారు. వాళ్లలో మాలోజీరావు ఘోర్పడే ఈ వేటకుక్కలను చేరదీసి జాతిని నిలబెట్టారు. అప్పటి ఇంగ్లండు రాజు ఐదో జార్జికి ఒక జంటను కానుకగా కూడా ఇచ్చారట. 2005లో మన తపాలా శాఖ నాలుగు దేశీ కుక్కల మీద స్టాంపులు వేసింది. రాంపూర్ హౌండు, రాజపాళయం, హిమాలయన్ షీప్‌డాగ్‌తో పాటు ముధోళ్ కూడా ఉంది. ఆ స్టాంపు నాన్న దగ్గర ఉంది. ఏ ఊరు వెళ్లినా గోడకు మొదట ఎక్కేది ఆ చిన్న ఫ్రేమే.

సన్నమ్మ అనే పేరు మా అవ్వ పెట్టింది. వేసవి సెలవుల్లో అనంతపురం వెళ్తే దాన్ని చూసి, "ఏం నాయనా, దీనికి కూడు పెట్టడంల్యా?" అని నాన్నను గద్దించింది. పక్కటెముకలు కనబడుతుంటే ఎవరైనా అలాగే అనుకుంటారు. కానీ ఈ జాతి ఒళ్లే అంత. పొడుగాటి కాళ్లు, లోతైన రొమ్ము, లోపలికి పోయిన పొట్ట, ఒంటికి అతుక్కున్నట్టుండే పొట్టి వెంట్రుకలు. అన్నీ పరుగు కోసమే. వాసన పట్టి కాదు, కంటితో చూసి వేటను తరిమే కుక్క ఇది. అవ్వ తిట్టి ఊరుకోలేదు. తన పాత చీరలతో బొంత కుట్టి ఇచ్చింది. చలికి ఈ జాతి ఓర్చుకోలేదని తెలిశాక, మాకు పొట్టయిపోయిన స్కూలు స్వెటరు చేతులు కత్తిరించి అమ్మ దానికి తొడిగింది.

తర్వాత నాగపూర్. అక్కడే సన్నమ్మ మొదటిసారి డాగ్ షోకు వెళ్లింది. షో అంటే కుక్కలు ఆటలాడి చూపించడం అనుకున్నాం. అది కాదు. రింగులో కుక్క కదలకుండా నిలబడాలి. జడ్జి వచ్చి పెదవులు ఎత్తి పళ్లు చూస్తాడు, వీపు మీద, తొడల మీద చెయ్యి వేసి చూస్తాడు. తర్వాత తిన్నగా ఒకసారి, మూడు మూలలుగా ఒకసారి నడిపించమంటాడు. పక్కన ఉన్న కుక్క కంటే ఎవరు అందంగా ఉన్నారని కాదు, ఆ జాతికి రాసి పెట్టిన లక్షణాలకు ఎవరు దగ్గరగా ఉన్నారని చూస్తారు. ఇవన్నీ నాన్న రాత్రి పూట మాకు చదివి వినిపించారు. సన్నమ్మకు వినిపించినట్టు లేరు. జడ్జి చెయ్యి చాచగానే అది నాన్న కాళ్ల మధ్య దూరి కూర్చుంది. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. జడ్జి మాత్రం నవ్వలేదు. "కుక్క బాగుంది. కొత్త మనుషులు అలవాటు కావాలి" అని చెప్పి పంపించాడు.

ఆ మాట మాకు బాగా తగిలింది. ఎందుకంటే అదే నెలలో మేం కూడా కొత్త క్లాసులో, నలభై మంది చూస్తుండగా, పేరు చెప్పమంటే నోరు పెగలక నిలబడ్డాం. ఆ రోజు నుంచి సాయంత్రాలు సన్నమ్మను కూరగాయల మార్కెట్‌కు, బస్టాండుకు తీసుకెళ్లడం మా పని అయింది. కనబడిన వాళ్లనల్లా "ఒకసారి దీని వీపు నిమరండి అంకుల్" అని అడిగేవాళ్లం. అప్పటికి మాకు వచ్చిన హిందీ అంతే. అడగ్గా అడగ్గా మా హిందీ బాగుపడింది. సన్నమ్మ కూడా కొంచెం బాగుపడింది.

మేం ఆరు, ఎనిమిది తరగతుల్లో ఉండగా, డిసెంబరులో, జబల్‌పూర్‌కు ఆర్డరు వచ్చింది. మాకు టీసీలు, సన్నమ్మకు టీకాల కార్డు, పశువైద్యుడి సర్టిఫికెట్ తయారయ్యాయి. రైల్లో కుక్కను తీసుకెళ్లాలంటే రెండు దారులున్నాయి. ఫస్ట్ ఏసీలో కూపే అయినా, నలుగురు పట్టే క్యాబిన్ అయినా మొత్తం మనమే తీసుకుంటే కుక్క మనతోనే ఉండవచ్చు. లేకపోతే గార్డు ఉండే బండిలో కుక్కల కోసం ఒక పెట్టె ఉంటుంది, అందులో పంపాలి. రెండింటికీ ముందుగా పార్సెల్ ఆఫీసులో రాయించుకోవాలి. అప్పుడు మాకు దొరికింది స్లీపరు. అందుకని సన్నమ్మ బొంతతో సహా పెట్టెలోకి వెళ్లింది. రైలు ఆగిన చోటల్లా నాన్న చివరి బోగీదాకా పరుగెత్తి నీళ్లు పెట్టి వచ్చారు.

ఇటార్సీలో రైలు మారాలి. దిగేసరికి రాత్రి చాలా పొద్దుపోయింది. తర్వాతి బండి తెల్లవారుజామున. నాన్న కాగితాల పని మీద వెళ్తూ, "వెడల్పు పట్టీ వేసే తిప్పండి" అని చెప్పి మరీ వెళ్లారు. ముధోళ్ కుక్కకు తల సన్నం, మెడ బలం. మామూలు పట్టీ అయితే వెనక్కి గుంజితే తల మీదుగా జారిపోతుంది. అందుకే గుంజితే బిగుసుకునే వెడల్పు పట్టీ వాడతారు. ఇది మాకు తెలుసు. కానీ ప్లాట్‌ఫారం మీద మా వయసు పిల్లలు ఇద్దరు దాన్ని చూసి, "ఇది షో కుక్కా?" అని అడిగారు. మాకు గొప్పగా అనిపించింది. సంచిలోంచి షోలో వాడే సన్నటి తాడు తీసి వేసి, రింగులో లాగా నిలబెట్టి చూపించాం.

అంతలో గూడ్సు బండి కూత వేసింది. సన్నమ్మ ఒక్క గుంజు వెనక్కి గుంజింది. తాడు మా చేతిలోనే ఉంది. కుక్క లేదు. ప్లాట్‌ఫారం చివరిదాకా ఒక తెల్లటి గీత లాగా కనబడింది, ఆ తర్వాత పట్టాల అవతల చీకట్లో కలిసిపోయింది.

మేం అరిచాం, ఏడ్చాం. పట్టాల మీదికి దిగబోతే అమ్మ ఇద్దరి చేతులూ పట్టుకుని ఆపింది. నాన్న వచ్చారు. చేతిలోని తాడు చూశారు, ఏమీ అనలేదు. తిట్టి ఉంటే మాకు తేలికగా ఉండేది. డ్యూటీలో ఉన్న రైల్వే పోలీసుకు చెప్పి, లైటు పట్టుకుని వాళ్లతో కలిసి ఒక చుట్టు తిరిగి వచ్చారు. అక్కడి పోర్టరు ఒక పెద్దాయన మాతో అన్నాడు: "వెంట పడకండి బేటా. తరిమితే ఇంకా దూరం పోతుంది. దాని గుడ్డ ఏదైనా ఉంటే పరిచి కూర్చోండి."

ప్లాట్‌ఫారం చివర అవ్వ బొంత పరిచాం. మేమిద్దరం చెరో పక్కన కూర్చున్నాం. అమ్మ దుప్పటి కప్పింది. బండ్లు వస్తున్నాయి, పోతున్నాయి. ప్రతి ఇంజను లైటుకూ మా గుండె ఆగినంత పని అయింది. తెల్లవారుజామున మా బండి కూడా వచ్చింది. నాన్న ఆ రోజే ఆఫీసులో చేరాలి. మేం ఆయన ముఖం చూడలేకపోయాం. నాన్న బండి వంక చూశారు, బొంత వంక చూశారు. "ఇంకో బండి ఉంటుందిలే" అని వచ్చి మా పక్కనే కూర్చున్నారు. మా బండి వెళ్లిపోయింది.

తెల్లవారాక, ఎండ ఇంకా రాకముందు, పొగమంచులోంచి సన్నమ్మ నడిచి వచ్చింది. పరుగెత్తలేదు. ముందు కాలు మీద తీగ కోసుకున్న గాయం, రక్తం ఎండిపోయి ఉంది. మా ఎవరి దగ్గరికీ రాలేదు. తిన్నగా బొంత దగ్గరికి వచ్చి, వాసన చూసి, మూడుసార్లు చుట్టూ తిరిగి పడుకుంది. అప్పుడు నాన్న వెడల్పు పట్టీ వేశారు. ఆయన చేతులు వణకడం మేం అప్పుడే మొదటిసారి చూశాం.

ఫిబ్రవరిలో జబల్‌పూర్‌లో షో ఉంది. కాలి గాయం మానింది గానీ అక్కడ వెంట్రుకలు రాలేదు, మచ్చ ఎర్రగా కనబడుతోంది. వద్దనుకుంటూనే వెళ్లాం. రింగు బయట నిలబడి ఊపిరి బిగబట్టి చూశాం. జడ్జి పళ్లు చూశాడు, వీపు నిమిరాడు, మచ్చ మీద వేలు పెట్టి ఆగాడు. సన్నమ్మ కదల్లేదు. నలుగురిలో మూడో స్థానం వచ్చింది. ఇంటికి వచ్చేటప్పుడు నాన్న రిబ్బను గురించి మాట్లాడలేదు. "నిలబడింది చూశారా" అన్నారు, అంతే.

ఇప్పుడు మేం ఎనిమిది, పది తరగతుల్లో ఉన్నాం. పోయిన వారం గువాహటికి ఆర్డరు వచ్చింది. అంత దూరం ఎందుకు, కుక్కను అవ్వ దగ్గర వదిలేయండని చుట్టాలు ఫోన్లు చేస్తున్నారు. నాన్న ఎవరికీ జవాబు చెప్పలేదు. క్యాబిన్ మొత్తం మాకే ఇవ్వమని అర్జీ రాసి పెట్టారు. మీలో ఎవరికైనా ఇలాంటి కుక్క ఉంటే మా మాట వినండి. ప్రయాణంలో వెడల్పు పట్టీ తియ్యకండి, బయల్దేరే ముందు కడుపునిండా పెట్టకండి, దాని గుడ్డ మాత్రం ఉతకకండి. కొత్త ఊళ్లో ఆ వాసనే దానికి ఇల్లు.

ట్రంకు పెట్టెలు మళ్లీ అటక దిగాయి. సన్నమ్మ బొంత మీద పడుకుని లేవడం లేదు. రేపు టీసీలకు దరఖాస్తులు ఇవ్వాలి, స్నేహితులకు చెప్పాలి. ఆ మాట ఎలా మొదలుపెట్టాలో ఇంకా తెలియలేదు. ప్రస్తుతానికి మేం కూడా వెళ్లి ఆ బొంత మీదే చెరో పక్కన కూర్చున్నాం.

— అక్కాతమ్ముడు, 10వ తరగతి, 8వ తరగతి