చెయ్యి మారితే...

సెలవులకి అమెరికా నుంచి వచ్చిన మా అబ్బాయి, కూతురితో కలిసి టీవీ ముందు చేరి ఒకటే కొట్లాట! ‘ఈ వయసులో ఇదేం ఆటరా?’ అన్నాను.

‘మార్వెల్ వర్సెస్ క్యాప్‌కామ్ 2 అమ్మా! 2000లో జపాన్‌వాళ్ళు తెచ్చారు. చదువుకునే రోజుల్లో పిచ్చిగా ఆడేవాణ్ణి. 2024లో మళ్ళీ విడుదల చేశారు’ అన్నాడు, పాత స్నేహితుడు ఎదురైనంత సంబరంగా.

మొత్తం 56 మంది వీరులట. స్పైడర్‌మాన్‌కి చున్‌లీ తోడు! ఒక్కొక్కరూ ముగ్గుర్ని ఎంచుకోవాలి. జట్టు మార్చినప్పుడల్లా ఎత్తులూ మారతాయి, ఇక విసుగెక్కడిది? బరిలో ఒకరే ఉంటారు. దెబ్బలు తిన్నవాణ్ణి పక్కకి పంపి ఇంకొకణ్ణి దింపొచ్చు. పక్కకెళ్ళినవాడు పోయిన సత్తువలో కొంత తిరిగి తెచ్చుకుంటాడు!

నా మనసు అక్కడే ఆగిపోయింది. మా అత్తగారు మంచాన పడ్డ మూడేళ్ళూ బరిలో నేనొక్కదాన్నే. ‘కాసేపు నువ్వు కూర్చో’ అన్నవాళ్ళు లేరు. అడగొచ్చని నాకూ తోచలేదు.

వంటింట్లో కోడలు ఒక్కతే గిన్నెలు తోముతోంది. ‘లేరా, చెయ్యి మార్చు’ అన్నాను. మావాడు నవ్వుతూ లేచాడు.

కోడలు వచ్చి కూర్చుని కూతురి చేతిలో చిత్తుగా ఓడింది. అయితేనేం, మొహంలోకి కాస్త కళ తిరిగొచ్చింది.