తిరిగి తెరవవలసి వస్తే

వృత్తి నుండి విరమించినా నా మనసును వదలని పన్ను ఒకటుంది. అది మా ఊరి తెలుగు మాస్టారిది. ఆయన పై దవడలోని మొదటి పెద్ద దంతానికి రూట్ కెనాల్ చికిత్స చేసి, తొడుగు వేసి, "మాస్టారూ, ఇక ఈ పంటితో మీకు బాధ ఉండదు" అని ధీమాగా చెప్పాను. ఆరేళ్ళ తరువాత చెంప వాచి వచ్చారు. ఆయన ముఖంలో కోపం లేదు. "నీ మాట నమ్మానయ్యా" అన్నారు, అంతే.

ముందుగా ఒక వివరం. పంటి వేరు లోపలి కాలువలను శుభ్రపరచిన తరువాత గట్టాపెర్చా అనే రబ్బరు వంటి పదార్థంతో నింపుతాము. అది గోడలకు అంటుకోదు. మిగిలిన సన్నని సందులను పూడ్చే పలుచని ముద్దనే సీలరు అంటారు. ఇటుకల మధ్య సున్నం వంటిది.

మాస్టారి పంటికి నేను వాడినది పాతకాలపు సీలరు. జింక్ ఆక్సైడ్ పొడిని, లవంగనూనెలోని సారమైన యూజినాల్‌తో కలిపి చేసేది. కాలక్రమాన కొంత కరుగుతుందనే చెడ్డపేరు దానికుంది. లోపమంతా దానిదే అనుకొని పన్ను తిరిగి తెరిచాను. యూకలిప్టస్ నూనె చుక్కలకు గట్టాపెర్చా మెత్తబడింది, సీలరు కూడా సూదులకు లొంగి వచ్చింది. అప్పుడు బయటపడింది అసలు సంగతి. బుగ్గవైపు ముందు వేరులో ఒకటి కాక రెండు కాలువలున్నాయి. ఆ దంతంలో ఇది తరచుగా కనిపించేదే. రెండవదానిని నేను మొదటిసారి చూడనే లేదు. తప్పు సీలరుది కాదు, నాది. ఆ మాట మాస్టారికి చెప్పాను. నేను తక్కువగా అంచనా వేసిన ఆ పాత సీలరే నా తప్పును దిద్దుకొనే దారి విడిచిపెట్టింది.

ఆ దారి లేని పన్నును కూడా చూశాను. వేరొకచోట చికిత్స పొందిన ఒక యువతి పంటి కాలువలలో రిసార్సినాల్, ఫార్మాలిన్ కలిపిన ఎర్రని ముద్ద రాయిలా బిగుసుకొని ఉంది. ఏ ద్రావకానికీ కరగలేదు. మొండిగా తొలిస్తే వేరుకే రంధ్రం పడుతుంది. చివరకు పన్ను తీయక తప్పలేదు.

ఈనాటి సీలర్లు ఎంతో మెరుగైనవి. ఎపాక్సీ రెసిన్ సీలరు గోడలకు బాగా పట్టుకుంటుంది, చాలా తక్కువగా కరుగుతుంది. గట్టిపడిన తరువాత తీయడం జింక్ ఆక్సైడ్ రకం కంటే కష్టమే అయినా అసాధ్యం కాదు. కాల్షియం సిలికేట్‌తో తయారయ్యే బయోసెరామిక్ సీలరు పంటిలోని తేమతోనే గట్టిపడుతుంది. బిగుసుకొనే సమయంలో దాని క్షారగుణం సూక్ష్మజీవులకు ప్రతికూలం, వేరు కొన వద్ద కణజాలానికి అనుకూలం. అయితే ధర ఎక్కువ. ఒకసారి గట్టిపడితే మామూలు ద్రావకాలకు లొంగదు. అందుకే గట్టాపెర్చాను వేరు కొన దాకా చేర్చి, సీలరును పలుచని పొరగా మాత్రమే ఉంచడం మేలు. అప్పుడు గట్టాపెర్చాను వెంబడించి తిరిగి లోపలికి పోవచ్చు. కొన వద్ద సీలరు ఒక్కటే మిగిలితే ఆ దారి మూసుకుపోవచ్చు. ఏ సీలరునైనా గోడల నుండి పూర్తిగా తుడిచివేయడం సాధ్యం కాదన్నది కూడా గుర్తుంచుకోవాలి.

కనుక "అన్నిటికన్నా మంచి సీలరు ఏది?" అని అడిగేవారికి నా సమాధానం ఇది: శుభ్రపడని కాలువను ఏ సీలరూ కాపాడలేదు. శుభ్రపడిన కాలువలో మంచి సీలర్ల మధ్య తేడా మనమనుకున్నంత పెద్దది కాదు. మీరు వైద్యుని అడగవలసినవి వేరే ఉన్నాయి. కాలువలన్నీ దొరికాయా? చికిత్స వేళ ఉమ్మి తగలకుండా రబ్బరు డ్యామ్ కడతారా? తొడుగు ఎప్పుడు వేయించుకోవాలి? చివరి ఎక్స్‌రేను, వాడిన సీలరు పేరు రాసిన కాగితాన్ని అడిగి తీసుకొని భద్రపరచుకోండి. రేపు ఆ పంటిని తెరిచే వైద్యునికి అవే దారి చూపిస్తాయి.

మాస్టారు ఆ పంటితోనే చివరిదాకా జంతికలు నమిలారు. ఆయన తరువాత మరెవరితోనూ "ఇక బాధ ఉండదు" అని నేను అనలేదు. "బాధ కలిగితే వెంటనే రండి, తిరిగి తెరవవచ్చు" అనే చెప్పాను.