కనబడని జబ్బుకు రెండున్నరేళ్లు

పిల్లల్లో అన్నిటికన్నా ఎక్కువగా కనిపించే క్యాన్సర్ అక్యూట్ లింఫోబ్లాస్టిక్ లుకేమియా అనే రక్త క్యాన్సర్. చికిత్స మొదలైన నెలా నెలన్నరలోనే అత్యధికుల ఎముక మూలుగలో క్యాన్సర్ కణాలు సూక్ష్మదర్శినికి చిక్కనంతగా తగ్గిపోతాయి. అంతటితో ఆపితే వ్యాధి దాదాపు తప్పకుండా తిరగబెడుతుంది. అందుచేత, కంటికి కనబడని జబ్బుకు మరో రెండు, రెండున్నరేళ్లు మందులు నడవాలి. కలిగిన ఇంట్లో ఇది ఓర్పుకు సంబంధించిన విషయం. లేని ఇంట్లో మాత్రం రోజుకూలీకి, ఇంటద్దెకు సంబంధించిన విషయం.

దర్భంగా జిల్లాకు చెందిన ఒక ఏడేళ్ల బాలికకు మూడు వారాలు తగ్గని జ్వరాన్ని ఊళ్లో టైఫాయిడ్ అనుకున్నారు. పిక్కల మీద నీలిమచ్చలు తేలాక గానీ రక్తపరీక్ష జరగలేదు. తండ్రి పదిహేను కట్ఠాల పొలం తాకట్టు పెట్టాడు. ఆడపిల్ల కోసం అంత అప్పా అని అడిగిన బంధువులు ఉన్నారు. ఆ మాటకు విలువ ఇచ్చే ఇళ్లూ మన దేశంలో తక్కువేమీ కావు. తల్లీ కూతురూ ముంబయి చేరి పరేల్‌లోని టాటా మెమోరియల్ ఆసుపత్రిలో చీటీ రాయించుకున్నారు.

పిల్లకు క్యాన్సర్ అనే మాట తెలియదు. తెలిసిన మాట ‘కౌంట్’. కౌంట్ బాగుంటే మందు ఎక్కిస్తారు, పడిపోతే తిప్పి పంపుతారు. దాదర్‌లోని ధర్మశాల మెట్ల మీద భాషలు కలవని పిల్లలు ఒకరినొకరు పలకరించుకునేది కూడా ఆ ఒక్క మాటతోనే. స్టెరాయిడ్ మాత్రలు నడిచిన వారాల్లో ఆమె ముఖం గుండ్రంగా ఉబ్బింది. రాత్రి రెండింటికి ఆకలి లేచేది. చూడా-దహీ కావాలని ఏడ్చేది. బయటి పెరుగు పెట్టవద్దని నర్సు చెప్పింది కనుక తల్లి అటుకులను ఉత్త నీళ్లలో ఉడికించి పెట్టేది. తరువాతి నెలలో ఆకలే పోయింది, అన్నం వాసనకే వాంతులు. విన్‌క్రిస్టిన్ సూదుల వల్ల పాదం సరిగా పైకి లేవక చెప్పు జారిపోయేది. వెన్నులో మందు ఎక్కించే రోజున మోకాళ్లు గడ్డానికి ఆనించి ముడుచుకొని పడుకోవాలి. ఎవరూ చెప్పకముందే అలా పడుకోవడం ఆమె రెండోసారికే నేర్చుకుంది. ఏడుపు మానడానికి చాలా నెలలు పట్టింది. జుట్టు రాలినందుకు మాత్రం పెద్దగా బాధపడలేదు, అక్కడ అందరివీ బోడితలలే.

మొదటి నెల పూర్తయ్యాక మూలుగ శుభ్రంగా ఉందన్నారు. పిల్ల మెట్లెక్కి దిగుతోంది, అల్లరి చేస్తోంది. పక్క గదిలోని కుటుంబం ఇటువంటి కబురే విని, కోతల కాలం వచ్చిందని సామాను సర్దుకొని వెళ్లిపోయింది. వాళ్లబ్బాయి ఆ తరువాత చికిత్సకు రాలేదు. అటువంటివారిని బాధ్యతలేని తల్లిదండ్రులని తేలికగా అనేస్తారు. నయమైనట్టు కళ్లెదుట కనిపిస్తున్న బిడ్డ కోసం మిగతా బిడ్డలను పస్తు పెట్టి పరాయి నగరంలో ఉండిపొమ్మని చెప్పడం ఎంత కష్టమో, ఆ మాట అనేవారికి తెలియదు.

ప్రభుత్వాలు ఏమీ చేయడం లేదనడం న్యాయం కాదు. 2018లో వచ్చిన ఆయుష్మాన్ భారత్ కుటుంబానికి ఏడాదికి 5 లక్షల రూపాయల వరకు ఆసుపత్రి ఖర్చు భరిస్తుంది. డిశ్చార్జి తరువాత 15 రోజుల మందులూ అందులోనే. క్యాన్సర్ రోగికి రైల్లో స్లీపర్ ఛార్జీ లేదు. అయితే ఈ పథకాల ఊహలో రోగి అంటే మంచం మీద ఉన్న మనిషి. ఈ బిడ్డ రెండున్నరేళ్లలో మంచం మీద ఉన్న రోజులు తక్కువ, ఆసుపత్రి చుట్టూ తిరిగిన రోజులు ఎక్కువ. గది అద్దె, తల్లి వదులుకున్న కూలి, ఊళ్లో చిన్నపిల్లలను చూసుకోవడానికి తండ్రి మానుకున్న పని ఏ ప్యాకేజీలోనూ లేవు. జిల్లా ఆసుపత్రులన్నిటిలో మూడేళ్లలో డే కేర్ క్యాన్సర్ కేంద్రాలు పెడతామని 2025 బడ్జెట్ ప్రకటించింది. పిల్లలకు మందు ఎక్కించడం తెలిసిన నర్సు ఆ కేంద్రాల్లో ఉంటే, ఈ ప్రయాణాల్లో సగం తప్పుతాయి. గోడలకు నిధులు దొరికినంత సులభంగా నర్సులకు దొరకవన్నది ఢిల్లీలో బడ్జెట్లు చూసినవారందరికీ తెలిసిన సంగతే.

చివరి ఏడాదిన్నర చికిత్స మాత్రలతోనే సాగింది. రోజూ మెర్కాప్టోప్యూరిన్, వారానికొకసారి మెథోట్రెక్సేట్. ఈ రెండో మందుకు పునాది, భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లే ప్రయోగశాలల్లో నడిపిన పరిశోధన. ఆ తల్లికి ఆ పేరు తెలియదు. పసుపుపచ్చ మాత్ర వేసే రోజు శనివారమని మాత్రం తెలుసు.

ఊళ్లో బడికి తిరిగి వెళ్లినప్పుడు బాలికకు తొమ్మిదో ఏడు. రెండో తరగతిలో తనకన్నా చిన్నవారి మధ్య కూర్చోబెట్టారు. జబ్బు అంటుకుంటుందని కొందరు తల్లులు గోల చేస్తే, మధ్యాహ్న భోజనం వేళ ఆమె పళ్లెం విడిగా గోడవారన పెట్టించారు. ధర్మశాలలో లేని సిగ్గు అక్కడ మొదలై, జుట్టు భుజాల దాకా పెరిగినా ఆమె చున్నీ తీయడం మానేసింది. తండ్రి ఆసుపత్రి కాగితం పట్టుకొని వెళ్లి, అది అంటువ్యాధి కాదని మాస్టారుకు చదివించుకున్నాడు. నెలరోజులకు పళ్లెం వరసలోకి వచ్చింది.

మాత్రలు ఆపిన రోజున తల్లి సంతోషించలేదు, భయపడింది. ఇన్నాళ్లూ శనివారం మాత్ర ఒక కాపలా. ఇప్పుడు బాలిక మూడో తరగతి. మూడు నెలలకొకసారి ముంబయి ప్రయాణం, రక్తపరీక్ష. ఈసారి కౌంట్ బాగుంది. పొలం ఇంకా తాకట్టులోనే ఉంది.