ఒక్క కన్నా, రెండు కళ్ళా?

పాశమైలారంలో కళ్ళు ఎర్రబడడం జబ్బు కింద లెక్క కాదండీ. వెల్డింగు చేసేవాడికి ఆర్కు కొడుతుంది. రసాయనాల షెడ్డులో ఉన్నవాడికి ఘాటు కొడుతుంది. ఈ రెండూ లేనివాడికి లారీల దుమ్ము ఉండనే ఉంది. రాత్రి ఆలుగడ్డ చక్రాలు కళ్ళమీద పెట్టుకుని పడుకోవడం, పొద్దున్నే షిఫ్టుకు పోవడం! అంచేత 2021 మే నెలలో, కరోనా తగ్గి ఇంటికొచ్చిన పదిరోజులకు, మా బావ కుడికన్ను ఉబ్బితే ఆయన నవ్వేశాడు.

"ఏం గాదు బామ్మర్దీ, ఆర్క్ కొట్టింది."

"వెల్డింగు ముట్టి నెల దాటె. ఇప్పుడెట్ల కొడ్తది?" అంది అక్క.

నిజమే. పైగా ఆర్కు కొడితే మామూలుగా రెండు కళ్ళూ మండుతాయి. ఇది ఒక్కవైపే. ముక్కు దిబ్బడ, చెంప మొద్దుబారడం, ఒక మనిషి ఇద్దరుగా కనబడడం.

కరోనాలో కొందరికి కళ్ళు ఎర్రబడి నీరు కారుతాయి. అది చాలావరకు దానంతటదే పోతుంది, బెంబేలు పడనక్కరలేదు. బావకు వచ్చింది వేరు. మట్టిలో, కుళ్ళిన ఆకుల్లో ఉండే బూజు అది. మామూలుగా మన ముక్కులో దూరినా ఏమీ చెయ్యలేదు. కాని బావకు చక్కెర వ్యాధి, దానిమీద కరోనాకు వాడిన స్టెరాయిడ్లు. ఒంటి కాపలా అలా సడలితే ఆ బూజు సైనసుల్లో పాతుకుని కంటిగూటిలోకి, అక్కణ్ణించి మెదడులోకి పాకుతుంది. రక్తనాళాలను పూడ్చేస్తుంది. రక్తం అందక కండ చచ్చి నల్లబడుతుంది. బ్లాక్ ఫంగస్ అన్న పేరులో నలుపు ఆ కండదే గాని బూజుది కాదు. వైద్యుల భాషలో మ్యూకర్‌మైకోసిస్.

ఆ మే నెలలోనే తెలంగాణ ప్రభుత్వం దాన్ని తప్పక తెలియజేయవలసిన వ్యాధిగా ప్రకటించింది. కోఠీలోని ఇ.ఎన్.టి. ఆస్పత్రి దాని వైద్యానికి కేంద్రమైంది. లాక్‌డౌనులో అక్కడికి చేరాం. ఆంఫోటెరిసిన్ ఇంజెక్షను దేశమంతటా కరువు. అది ఎక్కుతుంటే మంచం అదిరేలా వణుకు. మందొక్కటే చాలదు, చచ్చిన కండ తీసెయ్యాలి. చివరికి కన్నూ తియ్యాలన్నారు, మనిషి దక్కాలంటే. అక్క ఏమీ అడగలేదు. సంతకం పెట్టింది.

బావ ఇప్పుడు పనిముట్ల స్టోరులో ఉన్నాడు. ఒంటికంటికి దూరం అందదు. టీ కప్పు పక్కన పోస్తాడు. ఎవడైనా కన్ను నలుపుకుంటూ వస్తే మాత్రం పానా ఇవ్వడు.

"ఒక్కటా, రెండా? షుగర్ చూపిచ్చుకున్నవా?"

ఒక్కటే అంటే, సూపర్‌వైజరు అరుస్తున్నా సరే, ఆటో పిలుస్తాడు.