తుస్సుమన్నప్పుడే ఆగాలి

అసలు పేలని తూటా కంటే సగం పేలిన తూటా ఎక్కువ ప్రమాదం. ఈ మాట మొదటిసారి విన్నప్పుడు నాకు లాజిక్ అర్థం కాలేదు. టపాకాయల భాషలో చెప్తే ఈజీ. దీపావళికి 'ఢాం' అన్న బాంబుతో మనకి ఇక పని లేదు. తుస్సుమన్నదానితోనే డౌటు. ప్రతి ఏడూ దీపావళి రాత్రి మెహిదీపట్నం సరోజినీదేవి కంటి ఆసుపత్రికి పరుగెత్తేవాళ్ళలో, అలాంటిదాని మీదికి వంగి చూసినవాళ్ళూ ఉంటారు.

కోడింగ్ చేసుకునేవాళ్ళకి తూటాల గోల ఎందుకు అంటారేమో. హైటెక్ సిటీకి దగ్గర్లోనే, గచ్చిబౌలిలో సెంట్రల్ యూనివర్సిటీ క్యాంపస్‌లో షూటింగ్ రేంజ్ ఉంది. హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం తెచ్చాడు. అది ఎయిర్ రైఫిల్, అందులో మందు ఉండదు, గాలే పని చేస్తుంది. మన ఈషా సింగ్ 2023లో హాంగ్‌ఝౌ ఏషియన్ గేమ్స్‌లో నాలుగు పతకాలు గెలిచింది. వాటిలో టీమ్ స్వర్ణం 25 మీటర్ల పిస్టల్‌లో వచ్చింది. అందులో వాడేది పాయింట్ 22 తూటా. అంటే మందు, నిప్పు, వాటితో వచ్చే తిప్పలు అన్నీ ఉంటాయి.

ఎన్‌సీసీలో మేం కాల్చేదీ పాయింట్ 22 రైఫిలే. ఒకసారి ఫైరింగ్‌లో నా పక్కవాడి రైఫిల్ 'టిక్' అంది, అంతే. వాడు వెంటనే బోల్ట్ లాగబోయాడు. వెనక నుంచి ఉస్తాద్ "రుకో!" అని అరిచారు. "ఉస్తాద్, పేలలేదు కదా" అన్నాడు వాడు. "పేలలేదని నువ్వెలా చెప్తావ్? లేటుగా పేలితే? బ్యారెల్ టార్గెట్ వైపే ఉంచు, చెయ్యెత్తు, లెక్కపెట్టు" అన్నారు ఆయన. కనీసం 30 సెకన్లు. ఆ 30 సెకన్లు ఎంత పొడుగో అక్కడ పడుకున్నవాళ్ళకే తెలుసు. తర్వాత తూటా బయటికి తీశారు. పిన్ను గుర్తు అంచు మీద స్పష్టంగా ఉంది. తప్పు తూటాదే.

పాయింట్ 22లో నిప్పు రాజేసే ప్రైమర్ మందు తూటా అడుగు అంచు లోపల చుట్టూ పరుచుకుని ఉంటుంది. పిన్ను కొట్టిన చోట ఆ మందు లేకపోతే 'టిక్' తప్ప ఏమీ రాదు. పెద్ద పిస్టల్ తూటాల్లో ప్రైమర్ మధ్యలో విడి బిళ్ళలా ఉంటుంది, అందుకే కాల్చిన ఇత్తడి గుల్లలో కొత్త ప్రైమర్, మందు, బుల్లెట్ పెట్టి మళ్ళీ వాడొచ్చు. దీన్నే రీలోడింగ్ అంటారు. అమెరికాలో చాలామందికి ఇది హాబీ. ఇక్కడ తూటా తయారీకి 1959 ఆయుధాల చట్టం 5వ సెక్షన్ ప్రకారం లైసెన్స్ కావాలి. కాబట్టి హాస్టల్ రూమ్‌లో ప్రయోగాలు వద్దు బాబూ.

రీలోడింగ్‌లో తప్పులు చాలావరకు చేతి పని దగ్గరే జరుగుతాయి. ప్రైమర్ పూర్తిగా లోపలికి కూర్చోకపోతే పిన్ను దెబ్బ దాన్ని లోపలికి తొయ్యడానికే సరిపోతుంది, నిప్పు రాదు. చేతి నూనె తగిలినా అది చెడిపోవచ్చు. బుల్లెట్ వదులుగా ఉంటే పిస్టల్ లోపల అదురుకి వెనక్కి జారి, ప్రెషర్ పెరుగుతుంది. పొరపాటున మందు రెండుసార్లు పడితే పిస్టలే పగలొచ్చు.

అన్నిటికంటే మోసకారి మందు అసలు పడని తూటా. ప్రైమర్ ఒక్కటే పేలుతుంది. ఆ బలానికి బుల్లెట్ బ్యారెల్‌లోకి వెళ్ళి మధ్యలో ఇరుక్కుంటుంది. శబ్దం చిన్నగా వస్తుంది, చేతికి తన్నూ తక్కువే. స్లయిడ్ తనంతట తాను వెనక్కి రాదు. షూటర్‌కి జామ్ అయినట్టే అనిపిస్తుంది. అలవాటుకొద్దీ స్లయిడ్ లాగి ఇంకోటి కాలిస్తే, రెండో బుల్లెట్ మొదటిదాని వెనక గుద్దుకుంటుంది. బ్యారెల్ ఉబ్బుతుంది, లేదా పగులుతుంది. పోయేవి వేళ్ళు, కళ్ళు.

జాగ్రత్తలు వింటే చాలా బోరింగ్‌గా ఉంటాయి. టేబుల్ మీద ఒకే రకం మందు డబ్బా. మాన్యువల్‌లో ఉన్న కొలతే. బుల్లెట్ పెట్టేముందు ప్రతి గుల్లలోకీ లైట్ వేసి చూడటం. ప్రైమర్ మీద వేలు పెట్టి తడమటం. మధ్యలో ఫోన్ వస్తే, ఎక్కడ ఆపామో గుర్తులేకపోతే, ఆ గుల్లల్లో మందు పారబోసి మళ్ళీ మొదలుపెట్టడం.

పోటీల రూల్ కూడా ఈ ఆలోచనతోనే ఉంది. 25 మీటర్ల పిస్టల్‌లో తూటా పేలకపోతే పిస్టల్ టార్గెట్ వైపే పట్టుకుని, ఖాళీ చెయ్యెత్తి ఆఫీసర్ని పిలవాలి. తప్పు తూటాదో, పిస్టల్‌దో అని తేలితే మిగిలిన షాట్లకి ఛాన్స్ ఇస్తారు. ఆఫీసర్ చూడకముందే మనం కెలికితే ఆ ఛాన్స్ పోతుంది.

మన బ్రాంచ్ వాళ్ళకి దీని ఉల్టా అలవాటు. ఏది ఆగినా రీట్రై. ఫెస్ట్ ఫీజు కట్టేటప్పుడు యూపీఐ 'పెండింగ్' చూపిస్తుంది, ఇంకోసారి నొక్కుతాం, రెండుసార్లు డబ్బు కట్ అవుతుంది. ఎర్రర్ వస్తే అది పోయిందని తెలుస్తుంది. పెండింగ్‌లో మొదటిది ఇంకా దారిలో ఉందో లేదో తెలియదు. యూపీఐలో అయితే డబ్బు వారం తర్వాతైనా రీఫండ్ వస్తుంది. బ్యారెల్‌కి రీఫండ్ లేదు.

ఎన్‌సీసీలో కొత్తగా చేరిన జూనియర్లకి చెప్పేది ఒక్కటే. ఫైరింగ్‌లో శబ్దం తేడాగా వస్తే చెయ్యెత్తండి. పక్కవాళ్ళు నవ్వితే నవ్వనివ్వండి. ఉస్తాద్ మాత్రం నవ్వరు.